మంచం మీద గడిపినదంతా నిద్రేనా?

వేసవి రాత్రి. కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం పోయే దారిలో నందికొట్కూరు అనే ఊరుంది. 2022 దాకా అది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. జిల్లా మారింది గాని ఎండ మారలేదు. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటడం ఆ ప్రాంతంలో మామూలు సంగతి. పొద్దుగూకి రెండు గంటలైనా ఇంటి గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే తగులుతుంది.

ఆ ఊళ్లో ఒక ఇల్లు ఊహించుకోండి. అవ్వ ఎనిమిదింటికే మంచమెక్కింది. నాయన తొమ్మిదిన్నరకు మిద్దె మీద చాప పరుచుకున్నాడు. పదో తరగతి చదువుతున్న అమ్మాయి పదకొండు దాకా చదివి పడుకుంది. తెల్లవారి ఐదు గంటలకు ముగ్గురూ లేచారు.

"అవ్వా, రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని అడిగింది మనవరాలు.

"ఎక్కడి నిద్ర తల్లీ! రాత్రంతా దొర్లుతానే ఉంటి" అంది అవ్వ.

"తొమ్మిది గంటలు మంచం మీదే ఉంటివి కదవ్వా!" అని నవ్వింది మనవరాలు.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజమే! అవ్వ తొమ్మిది గంటలు పడుకుంది. కాని తొమ్మిది గంటలు నిద్రపోలేదు. పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక చిన్న లెక్క వేస్తారు. ఆ లెక్క మీరు బడిలో నేర్చుకున్న శాతాల లెక్కే.

కాలువ నీళ్ల లెక్క

తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే కె.సి. కాలువను గురించి మీరు వినే ఉంటారు. సుంకేసుల దగ్గర వదిలిన నీరంతా చివరి పొలానికి చేరుతుందా? చేరదు. దారిలో కొంత నేలలోకి ఇంకిపోతుంది, కొంత ఎండకు ఆవిరైపోతుంది. వదిలిన నీటిలో పైరుకు అందినది ఎంత శాతమో లెక్క కడితే ఆ కాలువ ఎంత బాగా పని చేస్తున్నదో తెలుస్తుంది.

నిద్ర సంగతీ ఇంతే. మీరు మంచం మీద గడిపిన కాలం వదిలిన నీరు. అందులో నిజంగా నిద్రపోయిన కాలం పైరుకు అందిన నీరు. నిద్రపోయిన నిమిషాలను మంచం మీద గడిపిన నిమిషాలతో భాగించి, నూరుతో గుణిస్తే వచ్చేదే "నిద్రా సామర్థ్యం".

మన ఇంటివాళ్ల లెక్క కడదాం. అవ్వ మంచం మీద గడిపినది 540 నిమిషాలు. కునుకు పట్టడానికి 60 నిమిషాలు పట్టింది. నడిరాత్రి లేచి 90 నిమిషాలు మేలుకుంది. నాలుగింటికే మెలకువ వచ్చి, ఐదు దాకా ఊరికే పడుకుంది. అంటే నిద్రపోయినది 330 నిమిషాలే. ఆమె నిద్రా సామర్థ్యం 61 శాతం.

నాయన పడుకున్నది 450 నిమిషాలు. దోమలు, ఉక్క, వీధి కుక్కల అరుపులు 90 నిమిషాలు మింగేశాయి. మిగిలినది 360. ఆయనది 80 శాతం.

అమ్మాయి పడుకున్నది 360 నిమిషాలు. తల ఆనించగానే నిద్రపోయింది. పది నిమిషాలు పోగా 350 నిమిషాలు నిద్ర. ఆమెది 97 శాతం.

సాధారణంగా 85 శాతం, అంతకు మించి ఉంటే నిద్ర సరిగా సాగుతున్నట్టు వైద్యులు భావిస్తారు. మరి 97 వచ్చిన అమ్మాయికే మొదటి బహుమతి ఇద్దామా? తొందరపడకండి. ఆ సంగతి చివర తేలుద్దాం.

సామెత చెప్పింది సగమే

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అంటారు మన పెద్దలు. బాగా అలసినవాడికి పరుపు అక్కర్లేదు. బండ మీదైనా నిద్ర పడుతుందని దీని భావం. ఈ మాట నిజమే. కాని సామెత నిద్ర రావడాన్ని గురించే చెప్పింది. వచ్చిన నిద్ర తెల్లవారేదాకా నిలుస్తుందా అన్న ప్రశ్న వేయలేదు.

ఆ ప్రశ్నకు జవాబు మనకు దగ్గరలోనే, చెన్నైలో దొరికింది. కొందరు ఆర్థిక శాస్త్రజ్ఞులు అక్కడ తక్కువ ఆదాయం గల 452 మందిని కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పనిలోకి తీసుకున్నారు. వాళ్ల మణికట్టుకు గడియారం లాంటి చిన్న పరికరం కట్టారు. చేతి కదలికలను బట్టి మనిషి ఎప్పుడు నిద్రపోయాడో, ఎప్పుడు మేలుకున్నాడో అది అంచనా కడుతుంది.

ఫలితం చూసి పరిశోధకులే ఆశ్చర్యపోవలసి వచ్చింది. ఆ మనుషులు రాత్రిపూట సుమారు 8 గంటలు పడక మీద గడుపుతున్నారు. నిద్రపోయేది మాత్రం సుమారు అయిదున్నర గంటలు! సామర్థ్యం 70 శాతం దరిదాపుల్లో ఉంది. రాత్రికి ముప్పైసార్లకు పైగా వాళ్ల నిద్ర తెగిపోతున్నది. వేడి, దోమలు, వీధిలో రొద, వెలుతురు, ఇరుకు గది, ఇవన్నీ కలిసి నిద్రను ముక్కలు చేస్తున్నాయి.

పరిశోధకులు కొందరికి ఫ్యాన్లు, పరుపులు, దిండ్లు, కళ్లకు గంతలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. ఎక్కువసేపు నిద్రపొమ్మని ప్రోత్సహించారు. దాంతో రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది. కాని ఎలా పెరిగింది? వాళ్లు ఇంకాస్త ఎక్కువసేపు పడుకున్నారు, అంతే. సామర్థ్యం మాత్రం పెరగలేదు. ఆ అదనపు నిద్రవల్ల పగటి పనిలో మెరుగుదల కూడా కనిపించలేదు.

మరికొందరికి పనిచేసే చోటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మధ్యాహ్నం అరగంట కునుకు తీయడానికి వీలు కల్పించారు. వాళ్ల పనిలో చురుకుదనం పెరిగింది, ఏకాగ్రత పెరిగింది, మనసు తేలిక పడింది. 2021లో అచ్చయిన ఈ పరిశోధన మనకొక సంగతి చెబుతున్నది: ముక్కలైన నిద్రకు ఇంకొన్ని ముక్కలు అతికించినంత మాత్రాన అది మంచి నిద్ర కాకపోవచ్చు.

కళ్లు మూసుకున్నాక జరిగేదేమిటి?

ముక్కలైతే ఏం నష్టం? అది తెలియాలంటే నిద్రలోకి తొంగిచూడాలి. చాలాకాలం నిద్ర అంటే మెదడు పని ఆపేయడమే అనుకున్నారు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను మొట్టమొదట నమోదు చేశాడు. ఆ తరంగాలు నిద్రలో ఆగిపోవని, రూపు మార్చుకుంటాయని తరువాత తెలిసింది.

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ ఇంకో వింత ప్రకటించారు. నిద్రలో కొన్ని సమయాలలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబ కదులుతాయి! మనకు ఎక్కువగా కలలు వచ్చేది అప్పుడే. అసెరిన్‌స్కీ ఈ పరిశీలనలకు తన ఎనిమిదేళ్ల కొడుకునే పడుకోబెట్టి, తలకు తీగలు తగిలించి, రాత్రంతా యంత్రం ముందు కూర్చున్నాడు.

మన నిద్ర మెట్లు దిగుతూ ఎక్కుతూ సాగుతుంది. ముందు తేలిక నిద్ర, తరువాత గాఢనిద్ర, ఆ తరువాత కలల నిద్ర. ఈ చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు చుట్లు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. మీ ఎముకలను, కండరాలను పెంచే హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది అప్పుడే. కలల నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. పగలు చదివినది మెదడులో కుదురుకోవడానికి ఈ రెండు రకాల నిద్రా కావాలి. మాటిమాటికీ నిద్ర తెగితే దిగిన మెట్లు మళ్లీ మొదటినుంచి దిగవలసి వస్తుంది. మొత్తం గంటలు సరిపోయినట్టే కనిపించినా, లోపల జరగవలసిన పని జరగదు.

ఊయల నుంచి ఊతకర్ర దాకా

నిద్ర అన్ని వయసుల్లో ఒకేలా ఉండదు. అప్పుడే పుట్టిన పసిపాప రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. అందులో సుమారు సగం, కనుగుడ్లు కదిలే నిద్రే. పెరిగే మెదడుకు ఆ నిద్ర అవసరం.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఈ వయసు పిల్లల నిద్ర చిక్కగా ఉంటుంది. పక్కన డప్పులు మోగినా లేవరు. జాతరలో నిద్రపోయిన తమ్ముణ్ణి భుజాన వేసుకుని వచ్చిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

ఇక మీ సంగతి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. కాని యవ్వనం మొదలయ్యే ఈ వయసులో శరీరంలోని గడియారం కాస్త వెనక్కి జరుగుతుంది. చిన్నప్పుడు తొమ్మిదింటికే వచ్చే నిద్ర ఇప్పుడు పది దాటితేగాని రాదు. పొద్దున లేవలేరు. "బద్ధకస్తుడు" అని ఇంట్లో చీవాట్లు! తప్పు పూర్తిగా మీది కాదు. అయితే చేతిలోని సెల్‌ఫోన్ వెలుగు ఆ గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. అది మాత్రం మీ చేతిలో పనే.

పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. కాని బతుకు తెరువు వాళ్ల నిద్రను కోస్తుంది. సేద్యానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో, బోరు మోటారు వేయడానికి నడిరాత్రి టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయిన రైతులు రాయలసీమలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీ నాయననో, తాతనో అడిగి చూడండి.

వయసు మళ్లినకొద్దీ గాఢనిద్ర పలుచబడుతుంది. శరీరంలోని గడియారం ఈసారి ముందుకు జరుగుతుంది. అందుకే అవ్వకు రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూతలు పడతాయి, కోడి కూయకముందే తెరుచుకుంటాయి. 2004లో కొందరు శాస్త్రజ్ఞులు 65 పరిశోధనల ఫలితాలను కలిపి చూశారు. వాటిలో 5 ఏళ్ల పిల్లల నుంచి 102 ఏళ్ల వృద్ధుల దాకా 3,577 మంది నిద్ర వివరాలున్నాయి. ఆరోగ్యవంతులలో కూడా వయసుతోపాటు నిద్రా సామర్థ్యం తగ్గుతూ వచ్చింది. 60 ఏళ్లు దాటాక నిద్రకు సంబంధించిన తక్కిన కొలతలు చాలావరకు నిలకడగా ఉండగా, ఈ సామర్థ్యం ఒక్కటే ఇంకా తగ్గుతూ పోయింది. "రాత్రంతా దొర్లుతానే ఉంటి" అన్న అవ్వ మాటలో ఎంత నిజముందో చూశారా!

వేడి ఎందుకు నిద్ర చెడగొడుతుంది?

నిద్రపోబోయే ముందు మన శరీరం ఒక పని చేస్తుంది. అరచేతుల్లోను, అరికాళ్లలోను రక్తనాళాలు వెడల్పవుతాయి. లోపలి వేడి చర్మంలోకి వచ్చి బయటికి పోతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత రాత్రి గడిచేకొద్దీ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. నిద్ర పట్టడానికి, నిలవడానికి ఈ చల్లబడటం కావాలి. గదిలో గాలే వేడిగా ఉంటే లోపలి వేడి ఎక్కడికి పోతుంది? నిద్ర మాటిమాటికీ తెగిపోతుంది; గాఢనిద్ర, కలల నిద్ర రెండూ తగ్గుతాయి.

2022లో అచ్చయిన ఒక పరిశోధనలో 68 దేశాలలో 47 వేల మందికి పైగా కట్టుకున్న చేతి పట్టీల లెక్కలు చూశారు. రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన రోజుల్లో నిద్ర సగటున 14 నిమిషాలు తగ్గింది. ముసలివాళ్లకు, పేద దేశాల వాళ్లకు నష్టం మరింత ఎక్కువ. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో అది చిన్న సంగతి కాదు.

రాయలసీమ పెద్దలు ఈ లెక్కలు చదవకపోయినా, వేడిని ఎదుర్కోవడం తెలిసినవాళ్లు. దూలాల మీద బండలో, చెక్కలో పరిచి, పైన మందంగా మట్టి వేసిన మిద్దెల్లోకి పగటి ఎండ అంత తొందరగా దిగదు. ఇప్పటి సిమెంటు స్లాబు పలుచన. పగలు తాగిన వేడిని సాయంత్రానికే గదిలోకి వదులుతుంది. అందుకే గది లోపలికన్నా మిద్దె పైన హాయి. మబ్బులేని ఆకాశం కింద నేల తన వేడిని పైకి వదిలి త్వరగా చల్లబడుతుంది.

సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లడం మీరు చూసే ఉంటారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి ఎంత వేడి కావాలో తెలుసా? అంత వేడితో ఏడెనిమిది లీటర్ల మామూలు నీటిని మరిగే స్థితికి తేవచ్చు! ఆ వేడిని నీరు మిద్దె నుంచే లాక్కుంటుంది. గాలి పొడిగా ఉండే సీమలో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఈ ఉపాయం కోస్తా ఊళ్లకన్నా ఇక్కడే బాగా పని చేస్తుంది. నులకమంచం సంగతీ ఇలాంటిదే. దాని సందుల్లోంచి గాలి ఆడి వీపు చెమట ఆరుతుంది. మందపాటి పరుపు మీద ఆ వీలుండదు.

ముక్కులో చుక్కలు

తెగిన నిద్ర ఆరోగ్యాన్ని ఏం చేస్తుంది? అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 153 మంది ఆరోగ్యవంతులు ఒక విచిత్రమైన ప్రయోగానికి ఒప్పుకున్నారు. రెండు వారాలపాటు రోజూ తమ నిద్ర లెక్కలు చెప్పారు. ఆ తరువాత వాళ్ల ముక్కుల్లో జలుబు తెప్పించే వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి చూశారు. 98 శాతం, ఆపైన నిద్రా సామర్థ్యం ఉన్నవాళ్లతో పోలిస్తే, 92 శాతానికి తక్కువ ఉన్నవాళ్లకు జలుబు చేసే అవకాశం అయిదున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది! ఈ ఫలితం 2009లో అచ్చయింది.

అంతకు ముందు ఏడాది, అంటే 2008లో, మీ వయసు పిల్లల గురించే ఇంకో పరిశోధన వచ్చింది. క్లీవ్‌లండ్ నగరంలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు 238 మందిని చూస్తే, 85 శాతానికి మించని నిద్రా సామర్థ్యం ఉన్నవాళ్లలో రక్తపోటు తక్కినవాళ్లకన్నా సగటున 4 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంది. రక్తపోటు ముసలివాళ్ల జబ్బు అనుకుంటాం. దానికి విత్తనం పదమూడో ఏటనే పడవచ్చునన్నమాట. అయితే ఒకటి గుర్తుంచుకోండి. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటే రెండోదానికి కారణమని తేల్చలేం. వాటి మధ్య సంబంధం ఉందని మాత్రం చెప్పవచ్చు.

మొదటి బహుమతి ఎవరికి?

ఇప్పుడు 97 శాతం వచ్చిన పదో తరగతి అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె కాలువలో నీరు దాదాపు ఇంకిపోలేదు. కాని అసలు వదిలిన నీరే తక్కువ! నిద్రపోయినది ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. కావలసినది కనీసం ఎనిమిది. తల ఆనించగానే నిద్ర ముంచుకురావడం చాలాసార్లు నిద్ర బాకీకి గుర్తు. తెల్లవారుజామున మూడింటికి లేచి చదివితే, చదివినదాన్ని కుదుర్చే కలల నిద్రనే కోసుకున్నట్టవుతుంది. కాబట్టి శాతం ఒక్కటే చాలదు, గంటలూ చూడాలి.

అవ్వది దీనికి తలకిందులు. ఆమె మంచం మీద గడిపే కాలం ఎక్కువ, నిద్ర తక్కువ. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటివారి కోసం వినడానికి వింతగా ఉండే ఒక చికిత్స ప్రకటించాడు: నిద్ర పట్టనివాళ్లు పడుకునే కాలాన్ని తగ్గించాలి! మంచం మీద గడిపే కాలాన్ని కుదించుకుని, రోజూ ఒకే వేళకు లేస్తూ ఉంటే, ముక్కలు దగ్గరికి జరిగి చిక్కని నిద్ర అవుతుంది. తరువాత కాస్త కాస్తగా కాలం పెంచుతారు. ఇది వైద్యుని సలహాతోనే చేయాలి. పెద్దవాళ్లు గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అప్పుడూ వైద్యుణ్ణి కలవాలి.

మీరే చేసి చూడండి

ఒక నోటుపుస్తకం తీసుకోండి. వారం రోజులపాటు ఇంట్లో ఒక్కొక్కరినీ పొద్దున్నే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్నింటికి పడుకున్నారు? నిద్ర పట్టడానికి ఎంతసేపైంది? మధ్యలో ఎంతసేపు మేలుకున్నారు? చివరికి ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు? రాత్రి గడియారం చూస్తూ కూర్చోవద్దు. అది నిద్రనే చెడగొడుతుంది. గుర్తున్నంతవరకు చెబితే చాలు.

ఏడు రోజుల లెక్క కట్టి సగటు తీయండి. నిద్రను మింగినదేమిటో పక్కన రాయండి: ఉక్క, దోమలు, టీవీ, ఫోను, సాయంత్రం తాగిన కాఫీ, మనసులో దిగులు. రెండో వారంలో ఒక్కదాన్ని మాత్రం మార్చి చూడండి. దోమతెర కట్టవచ్చు. మిద్దె మీద నీళ్లు చల్లవచ్చు. పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టవచ్చు. శాతం మారిందా? మీకు తెలియకుండానే మీరొక పరిశోధన చేసినట్టే!

ఈ లెక్కలో మీకు తప్పక కనిపించేది ఒకటుంది. ఇంట్లో అందరికన్నా తక్కువ శాతం చాలావరకు అవ్వకో, తాతకో వస్తుంది. మిద్దె ఎక్కలేక, ఉక్కపోసే గదిలోనే పడుకునేది కూడా వాళ్లే. ఈ వేసవిలో మీ ఇంట్లో గాలి బాగా ఆడే చోటు ఏదో చూసి, అవ్వ మంచం అక్కడికి జరపండి. పొద్దున్నే "నిద్ర పట్టిందా అవ్వా?" అని అడిగి, ఆమె చెప్పిన జవాబు పుస్తకంలో రాసుకోండి.